పొగయోడ విహారం – కొలిమి దగ్గరి మనిషి

విహారయాత్ర అనే మాట చెవినిబడగానే మన పెద్దలలో పలువురి నొసలు ముడివడుతాయి. అది కాలహరణమనీ, తలిదండ్రుల డబ్బుకు చేటనీ వారి అభిప్రాయం. విద్యార్థుల సంగతి వేరు. వారికి అది నాలుగు ఛాయాచిత్రాలు, రెండుపూటల మంచి భోజనం, తిరుగు ప్రయాణంలో బస్సు దద్దరిల్లేటట్లు పాటలు. ఇన్ని విషయాలలో భేదించే ఈ రెండు పక్షాలవారికీ ఒక్కదానిలో మాత్రం ఏకీభావమున్నది: విహారం వేరు, విద్య వేరు. ఆ ఒక్కదానినే నేను అంగీకరించలేకున్నాను. నా వాదానికి ఆధారం ఒక ముసలి ఓడ.

దాని పేరు వేవర్లీ. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో, క్లైడ్ నదీతీరాన ఇంగ్లిస్ వారి కార్ఖానాలో నిర్మితమై 1946 అక్టోబరు 2న నీటిలోకి దిగింది. 1947 జూనులో ప్రయాణికులను ఎక్కించుకొన్నది. అంతకు ముందు ఇదే పేరుతో 1899లో కట్టిన ఓడ ఒకటి ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1940 మే 29న డన్‌కర్క్ నుండి సైనికులను తరలిస్తూ అది జర్మను విమానాల బాంబులకు మునిగిపోగా, దాని స్థానాన్ని ఇది భర్తీచేసింది. పొడవు సుమారు 73 మీటర్లు. పైన రెండు పొగగొట్టాలు, ఇరుప్రక్కల రెండు పెద్ద తెడ్డుచక్రాలు. మన తాతలు ‘పొగయోడ’ అన్నప్పుడు వారి మనసులో మెదలిన రూపం ఇంచుమించు ఇదే. సముద్రం మీద ప్రయాణికులతో నేటికీ తిరుగుతున్న తెడ్డుచక్రాల ఆవిరి ఓడ ప్రపంచం మొత్తానికి ఇది ఒక్కటే మిగిలింది.

మిగలడం కూడా సులువుగా జరుగలేదు. కార్లను ఎక్కించుకొనే డీజిలు ఓడలు వచ్చిన తరువాత ఇటువంటి వాటిని పోషించడం భారమైపోయి, 1973 వేసవితో దీని కొలువు చాలించారు. 1974 ఆగస్టులో తెడ్డు ఓడల పరిరక్షణ సంఘంవారికి దీనిని అమ్మిన వెల అక్షరాలా ఒక్క పౌను. ఇక ఇది ఒడ్డున కట్టివేసిన బొమ్మగా మిగిలిపోతుందని అమ్మినవారు అనుకొన్నారు. కాని సంఘంవారు ఊరూరా చందాలు పోగుచేసి, స్వచ్ఛంద సేవకులతో మరమ్మతులు చేయించి, 1975 మే 22న దానిని మళ్ళీ ప్రయాణికులతో నడిపించారు. ఆ తరువాత బాయిలర్లు మార్చవలసి వచ్చింది. 2000వ సంవత్సరం ప్రాంతంలో ఓడను దాదాపు విప్పి కట్టవలసి వచ్చింది. 2019లో బాయిలర్లు మళ్ళీ మొరాయించి ఆ ఏడాది యాత్రలన్నీ రద్దయినవి. ప్రజల చందాలూ స్కాట్లండు ప్రభుత్వ సాయమూ కలిసి 23 లక్షల పౌన్లు సమకూడగా, 2020 ఆగస్టులో ఓడ తిరిగి కదిలింది. ఒక్క పౌనుకు కొన్న ఓడ మీద ఇంత ధనం వెచ్చించినవారిని పిచ్చివారనాలా? ఆ ప్రశ్నకు తరువాత వస్తాను.

ఆ ఓడ ఎక్కే అవకాశం నాకు కలుగలేదు. చదివినదీ, చలనచిత్రాలలో చూచినదీ చెబుతున్నాను. ఉదయం టికెట్టు కొని ఎక్కుతారు. డునూన్, రోత్సే వంటి చిన్న రేవుల మీదుగా, కొండల నడుమకు చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయలలో తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరుతారు. పైతట్టున గాలికి కూర్చుంటారు, టీ త్రాగుతారు, పిల్లలు పరుగెత్తుతారు. ఇంతవరకు ఏ విహారంలోనైనా ఉన్నదే. విశేషమంతా ఓడ నడుమ ఉన్నది. ఇంజను గదిని అక్కడ ఎవరి కంటా పడకుండా దాచలేదు. దానికి ఇరువైపులా నడవలు విడిచారు. టికెట్టు కొన్న ప్రతి మనిషీ ఆ కటకటాల మీద మోచేతులు ఆన్చి, క్రింద తిరుగుతున్న యంత్రాన్ని, దాని ప్రక్కన నిలబడి మీటలు త్రిప్పుతున్న మనుషులను ఎంతసేపైనా చూడవచ్చును.

ఆ యంత్రాన్ని గ్రీనక్ పట్టణంలోని రాంకిన్ అండ్ బ్లాక్‌మోర్ వారు చేశారు. ఏటవాలుగా అమర్చిన మూడు సిలిండర్లు. మొదటి దాని వ్యాసం 24 అంగుళాలు, రెండవది 39, మూడవది 62. మన భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ మూడు అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగవలసినది. బాయిలరు నుండి వచ్చిన ఆవిరి ముందు చిన్న సిలిండరులో పనిచేస్తుంది. అక్కడ కొంత వ్యాకోచించి ఒత్తిడి తగ్గుతుంది. తగ్గిన ఒత్తిడితోనే అంత బలమూ రాబట్టాలంటే మరింత వెడల్పైన ముషలకం కావాలి. అందుకే రెండవ సిలిండరు పెద్దది, మూడవది మరీ పెద్దది. ఒకే ఆవిరితో మూడుమార్లు చాకిరి చేయించుకొని, చివరకు చల్లార్చి నీరుగా మార్చి మళ్ళీ బాయిలరుకే పంపుతారు. పాఠ్యపుస్తకంలో రెండు పుటల పటంగా విద్యార్థిని భయపెట్టే ఈ విషయం అక్కడ ఐదేళ్ళ పిల్లకు కూడా కంటికి కనబడుతుంది. తళతళలాడే మూడు ఉక్కు చేతులు ఒకదాని వెంట ఒకటి లేచి పడుతుంటాయి. వాటి వేగం నిమిషానికి సుమారు యాభై చుట్లు మాత్రమే కనుక ఏ భాగం దేనిని త్రోస్తున్నదో కన్ను వెంబడించగలదు. మన కార్ల ఇంజను మూత ఎత్తి చూచినవారికి ఈ సౌఖ్యం ఎన్నడూ దొరకదు.

ఇంకొక చిక్కు సంగతి ఉన్నది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. ఒకటి ముందుకూ, మరొకటి వెనుకకూ త్రిప్పి ఓడను ఉన్నచోటనే మళ్ళించడం ఇందులో సాధ్యపడదు. గాలిలో, పోటులో, ఇరుకైన రేవులో దీనిని గట్టుకు చేర్చడం కెప్టెన్‌కూ, క్రింద మీట పట్టుకొన్న ఇంజనీరుకూ నడుమ ఉన్న పొత్తు మీద ఆధారపడి ఉంటుంది. ఆ పొత్తు ఎంత సున్నితమైనదో 2020 సెప్టెంబరు 3న తెలిసివచ్చింది. ఆరన్ దీవిలోని బ్రాడిక్ గట్టును ఓడ ముక్కుతో ఢీకొనగా ఇరవైమందికి పైగా గాయపడ్డారు. ముసలి ఓడ అంటే ముద్దు మాత్రమే కాదు, జాగరూకత కూడా.

ఇక పిచ్చివారి ప్రశ్న. విహారానికి నూనె తగులబెట్టడమెందుకు, ఓడను ఒడ్డుకు లాగి ప్రదర్శనశాల చేస్తే చాలదా అని అడిగేవారున్నారు. వారి వాదంలో సత్యం లేకపోలేదు. ఈ ఓడ 1957 నుండి బొగ్గు మాని నూనెతో నడుస్తున్నది; ఆ ఖర్చూ, ఆ పొగా కాదనలేనివి. అయితే ఆగిపోయిన యంత్రం దగ్గర ఒక నష్టం జరుగుతుంది. ఇనుము అక్కడే ఉంటుంది గాని దానిని నడిపే విద్య నశిస్తుంది. ఏ శబ్దం వస్తే ఏ బేరింగుకు నూనె చాలలేదో, ఆవిరిని ఏ క్షణాన ఎంత విడువాలో, ఇవి ఒక చేతినుండి ఇంకొక చేతికి పనిలోనే అందుతాయి. తబలా మీద ఠేకా పుస్తకంలో చదివి నేర్చినవాడున్నాడా? విహారానికి వచ్చినవారి టికెట్టు డబ్బే ఆ విద్యకు గురుదక్షిణ అవుతున్నది. స్విట్జర్లండులోని లూసర్న్ సరస్సు మీద 1901, 1928 సంవత్సరాల నడుమ నిర్మించిన ఐదు తెడ్డు ఓడలు ఈనాటికీ మామూలు కాలపట్టిక ప్రకారం రేవు రేవుకూ తిరుగుతున్నవి. అక్కడివారు వాటిని వారసత్వ సంపద అంటూనే బజారుకు పోవడానికి కూడా ఎక్కుతారు. ఆ పద్ధతి నాకు మరీ నచ్చినది.

ఎవరు ఎక్కుతారన్నది ఇక్కడ చిన్న ప్రశ్న కాదు. క్లైడ్ నది మీద 1812లో హెన్రీ బెల్ తన ‘కామెట్’ను నడిపిననాటి నుండి పొగయోడ గ్లాస్గో శ్రామికుల వాహనం. ఏటా జులైలో కార్ఖానాలు మూతపడే సెలవులలో నేతపనివారు, ఇనుపపనివారు, ఓడల కార్ఖానాల కూలీలు కుటుంబాలతో సహా నదీముఖానికి దిగిపోయేవారు. త్రాగుడు మితిమీరి ఓడల మీద రభస జరుగుతున్నదని 1880లో ‘ఐవన్‌హో’ అనే ఓడను మద్యం లేకుండా నడిపి చూచారు. సంసారపక్షంవారు దానిని వెదకి మరీ ఎక్కేవారట! మన కమిటీ సభ్యులకు ఈ ఓడ తప్పక నచ్చుతుందని నా నమ్మకం. ఏడాదిపాటు యంత్రానికి సేవచేసిన మనిషి, సెలవునాడు యంత్రాన్ని తీరిగ్గా చూస్తూ నిలబడే చోటు ఆ నడవ. తన చేతిపని అందమైనదని అతనికి అక్కడ తెలిసి ఉంటుంది.

ఇదే క్లైడ్ తీరం నుండి మన తూర్పు దేశపు నదులకు కూడా ఓడలు వచ్చినవి. బర్మాలో ఐరావతీ నది మీద తిరిగిన ఫ్లోటిల్లా కంపెనీ 1865లో గ్లాస్గోవారు పెట్టినదే. దాని ఓడలు చాలావరకు డంబార్టన్‌లోని డెన్నీ వారు కట్టినవి. 1942లో జపాను సేనలు దగ్గరపడగా, శత్రువు చేతికి దక్కకుండా తమ ఓడలను తామే వందలకొద్దీ ముంచివేసుకొన్నారు. రంగూను రేవు మనకు పరాయిది కాదు. ‘రంగం’ వెళ్ళినవారి కథలు విశాఖ, గోదావరి జిల్లాలలో ఎన్నో ఇళ్ళలో ఉన్నవి. కోరంగి రేవు పేరుమీదుగా ‘కోరంగీలు’ అనిపించుకొన్న మన కూలీలు ఆ రేవులో బస్తాలు మోశారు. 1930 మేలో సమ్మెచేసి, బర్మా కూలీలతో జరిగిన దొమ్మీలో ప్రాణాలు కోల్పోయారు. ఆ కంపెనీ ఓడల లోపల పనిచేసినవారిలో అత్యధికులు చిట్టగాంగు ముసల్మానులు. యుద్ధం తరువాత 1947లో క్లైడ్ తీరంలోనే కట్టిన పాండా అనే నౌకను 1998లో బాగుచేయించి సంపన్నులకు విహారనౌకగా మార్చారు. టేకు చెక్క, ఇత్తడి పిడులు, తెల్లని దుప్పట్లు. ఆ కాలపు దర్జా అంతా తిరిగి వచ్చింది. కొలిమి దగ్గర నిలబడిన చిట్టగాంగు మనిషి జాడ ఆ దర్జాలో ఎక్కడ?

బంగ్లాదేశ్‌లో ‘రాకెట్’లనే తెడ్డు స్టీమర్ల కథ ఇంకా దగ్గరిది. మహ్సూద్, ఆస్ట్రిచ్ వంటివి కలకత్తా గార్డెన్ రీచ్‌లో 1920ల దశకంలో నిర్మితమైనవి. (మహ్సూద్ అన్నది ఒక పఠాను తెగ పేరు. బెంగాలు నదికి ఆ పేరెందుకో దొరలకే తెలియాలి.) 1980ల దశకంలో వాటి ఆవిరి యంత్రాలు తీసి డీజిలు పెట్టారు, చక్రాలు మాత్రం ఉంచారు. ఢాకా నుండి బరిసాల్ వైపు పోయే ఆ ఓడలలో పై గదులలో అధికారులూ, విదేశీయులూ; క్రింది తట్టు మీద చాపలు పరచుకొని వందలాదిమంది రైతులూ, చిరువర్తకులూ. 2022 జూనులో పద్మ వంతెన తెరిచిన తరువాత ప్రయాణికులు తగ్గిపోయి ఆ ఏడే ఆ రాకపోకలు నిలిచిపోయినవి. 2025 నవంబరులో మహ్సూద్‌ను విహారనౌకగా మళ్ళీ నదిలోకి దింపారు. సంతోషించవలసిన వార్తే. చాప పరచుకొనే మనిషికి అందులో చోటు ఉంటుందా అన్నది నా సందేహం. చోటు లేకపోతే బ్రతికినది చక్రం మాత్రమే.

ఈ సందర్భంలో రెండు మాటలు మన కళాశాలకు ప్రత్యేకించి చెప్పదగినవి. ఇక్కడ ఉర్దూ, తెలుగు ఒకే నడవలో ఎదురెదురు గదులలో బోధింపబడుతున్నవి కదా. ఫారసీలో ‘లష్కర్’ అంటే సైన్యం. అది పాశ్చాత్యుల నోట ‘లాస్కర్’ అయి, వారి ఓడలలో పనిచేసే మన దేశపు నావికుడికి పేరైంది. అదే మాట మన కాలువల మీద తూములెత్తి నీరు వదిలే ‘లస్కరు’ అయింది. దండు విడిసిన సికింద్రాబాదు ‘లష్కర్’ కాగా, ఆషాఢంలో అక్కడి బోనాలకు లష్కర్ బోనాలని పేరు వచ్చింది. రెండవది ‘సర్‌హంగ్’, ఫారసీలో సేనాధికారి. ఓడ మీద లాస్కర్ల పెద్ద ‘సెరాంగ్’ అయ్యాడు. ఆ సెరాంగే మన గోదావరి మీద లాంచీ నడిపే ‘సరంగు’. పాపికొండలకు పోయే పడవలో ఈ మాట వింటున్నవారిలో ఎందరికి తెలుసు, తాము ఫారసీ పలుకుతున్నామని! భాషలను మతాలకు పంచిపెట్టాలని చూచేవారికి సరంగు ఒక్కడే చాలినంత సమాధానం.

ఆ లాస్కర్లు సిల్హెట్, నవాఖాలీ, చిట్టగాంగు, పంజాబు, కొంకణ తీరాల నుండి వచ్చినవారు. ఆంగ్ల నావికుని జీతంలో వారికి దక్కింది కొద్ది వంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన బెంగాలు, అస్సాము లాస్కర్లకు కలకత్తాలో హుగ్లీ ఒడ్డున ఒక స్మారక స్తంభమున్నది, లెక్క 896. ఇక ఓడల మీద వారు మిగిల్చిపోయిన మరొక స్మారకం మీకు భోజనశాలలలో కనబడుతుంది. గోలందో స్టీమరు కోడికూర అని కలకత్తాలోనూ, ఢాకాలోనూ నేడు మంచి గిరాకీ ఉన్న వంటకం. గోలందో రేవు నుండి నారాయణగంజికి పోయే స్టీమర్లలో ముసల్మాను ఖలాసీలు తమకోసం వండుకొన్న కూర అది. ఆవనూనె, ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిరప. మసాలాలు కొనే స్తోమత వారికెక్కడిది? ఆ లేమినే నేడు రుచి అంటున్నారు. అనుభవించేవారికి వాసన అందింది, వండినవాని పేరు అందలేదు.

అందుచేత వారసత్వపు ఓడ మీద విహారాన్ని నేను రెండు గీటురాళ్ళ మీద పరీక్షిస్తాను. మామూలు జీతగాడు తన పిల్లలతో టికెట్టు కొనగలడా? ఎక్కినవాడికి నడిపేవాడు కనబడతాడా? వేవర్లీ ఈ రెండింటిలోనూ నెగ్గుతుంది. నిర్వహించేది ధర్మసంస్థ, కటకటాల దగ్గర కూలీకీ లార్డుకూ ఒకటే చోటు. మన దేశంలో ఇకముందు ఇటువంటి నౌకలను బాగుచేసి నడపబూనేవారు ఇత్తడి తోమించే ముందు ఇంజను గది గోడకు ఒక కిటికీ పెట్టించాలనీ, అక్కడ పనిచేసినవారి ఊళ్ళనైనా గోడ మీద వ్రాయించాలనీ నా కోరిక. పాతకాలపు ఆవిరి యంత్రం దొరకకపోతే డీజిలు ఇంజనునే చూపించనీయండి. దాని దగ్గర కూడా మనిషే ఉంటాడు.

మనకు పొగయోడ లేకపోయినా గోదావరి ఉన్నది. దాని మీద విహారమనగానే 2019 సెప్టెంబరు 15 గుర్తుకు రాక మానదు. నది వరద మీదున్న ఆ రోజున కచ్చులూరు దగ్గర పడవ మునిగి యాభైమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. మన కమిటీవారు అటువంటి యాత్రలకు అనుమతి ఇవ్వడానికి వెనుకాడితే తప్పుపట్టలేము. అయితే నిషేధం ఒక్కటే జాగ్రత్త కాదు. వరద కాలం దాటిన తరువాత, అనుమతి పత్రమున్న పడవలో, ఎక్కిన క్షణం నుండి దిగేవరకు రక్షణ చొక్కా విప్పకుండా పోవడం ఒక జాగ్రత్త. పడవ నడిపేవానితో మాట్లాడటం అంతకంటె పెద్ద జాగ్రత్త. నది ఎక్కడ సుడి తిరుగుతుందో తెలిసినవాడు సరంగు. అతడు ‘ఈరోజు వద్దు బాబూ’ అంటే వెనుదిరిగే వినయం విహారయాత్రికులకు ఉండాలి. ఆ మాట అనగల స్వాతంత్ర్యం అతనికి యజమాని ఇవ్వాలి. పైతట్టున పాటలు పెట్టి నృత్యాలు చేయించే పడవలలో ఆ మనిషి గొంతు ఎవరికి వినబడుతుంది?

ఈ సంవత్సరపు విద్యాయాత్రను గూర్చి కమిటీవారు ఆలోచించేటప్పుడు నా సూచన ఒకటి పరిశీలించగోరుతాను. శీతకాలంలో రాజమహేంద్రవరం పోదాము. ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ప్రదర్శనశాలలో ఆనకట్ట నిర్మాణపు పరికరాలను చూద్దాము. రైళ్ళకంటె కాలువల మీద పడవలే ఈ దేశానికి చవక అని జీవితమంతా వాదించి ఓడిపోయిన ఇంజనీరు ఆయన. ఆ వాదం మన అర్థశాస్త్ర విద్యార్థులకు మంచి చర్చావిషయం. మరునాడు నది మీద ఒక పూట. భౌతికశాస్త్రంవారు ఇంజను దగ్గర, ఉర్దూ, తెలుగు విద్యార్థులు సరంగు దగ్గర కూర్చుంటారు. అతడు ఆ విద్య ఎవరి దగ్గర నేర్చాడు, ఏ మలుపు దగ్గర వేగం తగ్గిస్తాడు, వానకాలమంతా ఇల్లు ఎట్లా గడుస్తుంది, కొడుకును ఈ పనిలో పెడతాడా అని అడిగి రెండు భాషలలోనూ వ్రాసుకొని వస్తారు. ఆ వ్యాసానికి వచ్చే సంచికలో నాలుగు పుటలు విడిచిపెట్టవలసినదని సంపాదకవర్గాన్ని ఇప్పటినుండే కోరుతున్నాను. సరంగు పేరు, ఊరు మాత్రం అతని అనుమతితో మొదటి పంక్తిలోనే ఉండాలి.